పాదంలో రెండో కణుపు

పదిహేడో సీసా దగ్గరికి వచ్చేసరికి గుండీలాయన మెడ వెనక చెమట కాలర్‌లోకి దిగింది. ముప్పై సీసాలు, గంటన్నర టైము. సీసాకి మూడు నిమిషాలు. మూత తిప్పడం, స్పిరిట్‌తో సహా పురుగుని గాజుపళ్లెంలోకి ఒంపడం, మైక్రోస్కోపు కింద పెట్టడం, చూశాక పెన్సిల్‌తో కాగితం మీద రాయడం, పురుగుని పట్టకారుతో నడుం దగ్గర మెత్తగా పట్టుకుని మళ్లీ సీసాలో వెయ్యడం. ఈ తరుగంతా పోగా కంటికి మిగిలేది నిమిషంపావు.

ఆ నిమిషంపావులో తేల్చాల్సింది ఒక్కటే. ఇది ఏ నడకపురుగు?

నీళ్ల మీద మునక్కుండా నడిచే పురుగులవి. వాగు గట్టున కూర్చున్న ప్రతివాడూ చూసి ఉంటాడు, ఎవడూ రెండోసారి చూసి ఉండడు. వాగుల్లో బతికే పురుగుల్ని లెక్కపెట్టి ఆ నీళ్ల బాగోగులు చెప్పే లాబ్‌లో మాత్రం వాటికి చాలా విలువ. వచ్చిన చిక్కల్లా ఈ చుట్టుపక్కల వాగుల్లో రెండు జాతులు ఉండడం, పైనుంచి చూస్తే రెండూ ఒకే అచ్చులో పోసినట్టుండడం. అదే గోధుమరంగు కలిసిన నలుపు, అదే సన్నటి ఒళ్లు, ముందు రెండు పొట్టి కాళ్లు, వెనక తెడ్లలాంటి నాలుగు పొడుగు కాళ్లు.

తేడా అంతా అడుగున ఉంటుంది. వెల్లకిలా తిప్పితే మగపురుగు పొట్ట చివర అంచు లోపలికి నొక్కుకుని ఉంటుంది. ఆ నొక్కు నున్నగా ఒకటే వంపు అయితే అది ఒంటినొక్కు. నొక్కులో మళ్లీ ఇంకో చిన్న నొక్కు ఉంటే జంటనొక్కు. ఆడపురుగుకైతే పొట్ట చివర రెండు పక్కలా ముళ్లుంటాయి. ముల్లు తోక దాటితే జంటనొక్కు, దాటకపోతే ఒంటినొక్కు. ఇవి లాబ్‌లో వాళ్లు పెట్టుకున్న పేర్లు. అసలు పేర్లు కాగితాల మీద ఉంటాయి, నోరు తిరగదు.

ఇక పిల్లపురుగులు. వాటికి నొక్కూ, ముల్లూ ఇంకా తయారై ఉండవు కాబట్టి జాతి చెప్పలేం. "పిల్ల" అని రాసి పక్కన పెట్టడమే. గోడ మీది చార్టులో మొదటి వరుస అదే: "రెక్కలు లేకపోతే పిల్ల. ఇక చూడనక్కర్లేదు."

గుండీలాయనకి ఆ వరుస మీద ప్రేమ. నాలుగో సీసాలో రెక్కల్లేని పురుగు వచ్చింది. అర నిమిషంలో "పిల్ల" అని రాసేశాడు. తొమ్మిదిలో ఇంకోటి, పదమూడులో ఇంకోటి. అలా కలిసొచ్చిన నిమిషాల్ని దాచిపెట్టి, నొక్కు సరిగ్గా కనపడని మొండి పురుగుల మీద ఖర్చుపెట్టాడు. ముప్పై ఏళ్లు గుండీలూ జిప్పులూ అమ్మిన మనిషి. తేలిక బేరం త్వరగా ముగించి, గట్టి బేరానికి ఓపిక మిగుల్చుకోవడం ఆయనకి ఒకరు నేర్పాల్సిన పని కాదు.

పక్క బల్ల దగ్గర, ఈయనకి పని నేర్పిన అక్క ఉంది. నలభై రెండేళ్ల మనిషి, ఈయనకంటే పద్నాలుగేళ్లు చిన్న. అయినా లాబంతా అక్క అంటుంది కాబట్టి ఈయనా అక్కే అంటాడు. ఆవిడ ఈయన్ని అన్నయ్యా అంటుంది. ఒకరినొకరు పెద్ద చేసుకుంటూ నాలుగు నెలలు గడిపారు. ఆవిడ తొందరపడడంలేదు. ప్రతి పురుగునీ తిప్పుతోంది, మళ్లీ బోర్లా వేస్తోంది, సూదితో కాలి చివర ఏదో లెక్కపెడుతోంది. గంట మోగడానికి ఒక్క నిమిషం ముందు ముప్పయ్యో సీసాకి మూత పెట్టింది.

"ఎలా రాశారు అన్నయ్యా?"

"అమ్ముడుపోని సరుకైతే లేదు. నువ్వు?"

"నాది ఎప్పుడూ ఉన్నదేగా," అని నవ్వి, రాసి రాసి నొప్పెట్టిన వేళ్లు విరుచుకుంది.

లాబ్ నడిపే పెద్దమేడమ్ ఏడాదికోసారి పెట్టే ఈ పరీక్షకి ఒకటే నియమం. ముప్పైలో మూడు తప్పుల దాకా మాఫీ. నాలుగో తప్పు చేస్తే మైక్రోస్కోపు బల్ల పోతుంది. పాతవాళ్లయితే మళ్లీ ఏడాది పరీక్ష దాకా కింద మట్టిగదిలో బురద కడగాలి. కొత్తవాళ్లయితే ఇంటికే. ఉద్యోగంలో చేరేటప్పుడే ఆ కాగితం మీద సంతకం పెట్టిస్తారు. గుండీలాయన రెండుసార్లు చదివి మరీ పెట్టాడు.

*

మర్నాడు పొద్దున్న నోటీసు బోర్డు ముందు సీసాల బావ నిలబడి ఉన్నాడు. స్పిరిట్ పీపాలకీ, సీసాల గదికీ తాళంచెవులు అతని దగ్గరే ఉంటాయి. వరస ఏమీ లేకపోయినా లాబ్‌లో మగాళ్లందరూ అతనికి బావలే.

"బావా! ముప్పైకి ముప్పై! నీకేనయ్యా!" అని అరిచాడు. "ఏం మందు పెట్టావు ఆ పురుగులకి? అడక్కుండానే పేర్లు చెప్పేశాయా?"

గుండీలాయన నమ్మలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని చూశాడు. నిజమే. ముప్పై. ఒళ్లంతా తేలికైంది. ఇంక రేపు పొద్దున్న తొమ్మిదింటికి వెళ్లడానికి ఒక చోటు ఖాయం. ఎల్లుండీ ఖాయం. కొట్టు మూసేశాక ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుని, భార్య వంటింటి సొరుగులో చెంచాల్ని సైజుల వారీగా సర్దీ సర్దీ ఆవిడ చేత చీవాట్లు తిన్న మనిషికి ఆ మాట విలువెంతో తెలుసు.

కిందికి చూశాడు. అక్క పేరు ఎదురుగా ఇరవై అయిదు ఉంది. పక్కన తప్పయిన సీసాల నెంబర్లు: నాలుగు, తొమ్మిది, పదమూడు, ఇరవై రెండు, ఇరవై ఏడు.

"ఏదో పొరపాటు పడుంటుంది," అన్నాడు గుండీలాయన.

"అక్క పేపరు పెద్దమేడమ్ రెండుసార్లు దిద్దిందట," అన్నాడు బావ గొంతు తగ్గించి. "పదకొండేళ్లుగా ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. ఏ ఒక్క ఏడాదీ ఒక్క తప్పుకంటే ఎక్కువ లేదు."

అక్క వెనకనుంచి వచ్చింది. బోర్డు చదివింది. మొదట తన పేరు, తర్వాత తన తప్పుల నెంబర్లు, తర్వాత గుండీలాయన పేరు. మళ్లీ నెంబర్ల దగ్గరికి వచ్చి కాసేపు అక్కడే ఆగింది. ఆవిడ మొహంలో ఏదో లెక్క మొదలై, నడిచి, ముగిసినట్టనిపించింది గుండీలాయనకి. కొట్లో బేరమాడే ఆడవాళ్ల మొహాల్లో ఆ నడక ఆయన చాలా చూశాడు. ముగిశాక వాళ్లు కొంటారో, లేచిపోతారో చెప్పగలిగేవాడు. ఈసారి మాత్రం చెప్పలేకపోయాడు.

"మంచిదే అన్నయ్యా. సంతోషం," అంది.

"పెద్దమేడమ్‌ని అడుగు అక్కా. నేనూ వస్తాను."

"అడగడానికేముంది? ఇరవై అయిదంటే ఇరవై అయిదే. కిటికీ పక్క బల్ల మీరు తీసుకోండి, వెలుతురు బాగుంటుంది. మధ్యాహ్నం మూడు తర్వాత ఎండ కళ్లలో పడుతుంది, తెర లాగాలి. మైక్రోస్కోపు కుడి మర కొంచెం బిర్రు. బలంగా తిప్పారంటే అద్దం పళ్లేనికి తగులుతుంది."

కుర్చీలోంచి తన దిండు తీసి చంకలో పెట్టుకుంది. పెన్సిళ్ల డబ్బా తీసుకుంది. మెట్లు దిగి మట్టిగదికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య విని చేతులు జోడించింది. ఎవరికి జోడించిందో తెలియదు, గోడకే కావచ్చు. "పోనీలెండి. మిమ్మల్ని ఇంట్లో పెట్టుకోలేక చచ్చాను," అని నవ్వి, ఆయన పళ్లెంలో కూర ఇంకాస్త వేసింది. తర్వాత గరిటె గిన్నెలో పెడుతూ అడిగింది, "మరి ఆ అక్క ఎక్కడ కూర్చుంటుందండీ?"

"కింద. మట్టిగదిలో."

"కూర్చోడానికి అక్కడ కుర్చీ ఉందా?"

గుండీలాయన గుర్తుచేసుకున్నాడు. "లేదు. నిలబడి చేసే పని."

ఆయన పళ్లెంలో ఉన్నదంతా తిన్నాడు కానీ రెండోసారి అడగలేదు.

*

కిటికీ పక్క కుర్చీ నిజంగానే మంచి కుర్చీ. ఎడమవైపు నుంచి వచ్చే వెలుతురు పళ్లెం మీద పడి, స్పిరిట్‌లో పురుగు వెంట్రుకలు కూడా ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి. గుండీలాయన మర జాగ్రత్తగా తిప్పాడు. నిజంగానే బిర్రు.

మర్నాటి పని కొత్త వాగు నుంచి వచ్చిన సీసాలు. ఈ ఏడే మొదటిసారి అక్కడినుంచి నీళ్లు తెచ్చారు. పరీక్ష సీసాలు కూడా పెద్దమేడమ్ ఈసారి అందులోంచే తీసి కట్టింది. పదకొండు గంటలప్పుడు ఒక సీసాలోంచి రెండు పురుగులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, విడిపోకుండా పళ్లెంలోకి జారాయి. పైది మగది. దాని పొట్ట చివర జంటనొక్కు స్పష్టంగా ఉంది. ముందు కాళ్లతో కిందిదాన్ని వాటేసుకుని ఉంది. జత కట్టి ఉండగా వలలో పడి, అలాగే స్పిరిట్‌లో గట్టిపడిపోయాయి. అప్పుడప్పుడూ తగులుతుంటాయి అలాంటివి.

కిందిదానికి రెక్కలు లేవు.

గుండీలాయన అలవాటుగా పెన్సిల్ తీసుకుని లేబుల్ మీద "పిల్ల" అన్న మాటలో మొదటి అక్షరం రాశాడు. అక్కడ ఆగిపోయాడు.

పిల్లపురుగు జత కట్టదు కదా.

పెన్సిల్ కింద పెట్టాడు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. పట్టకారుతో రెండింటినీ నెమ్మదిగా విడదీశాడు. మగదాని పట్టు ఒక్కో కాలూ వదిలించాల్సి వచ్చింది. కిందిదాన్ని వెల్లకిలా వేశాడు. పొట్ట చివర రెండు పక్కలా ముళ్లు, తోక దాటి. పూర్తిగా ఎదిగిన ఆడపురుగు. రెక్కలు మాత్రం లేవు, అంతే.

అప్పుడు చెవిలో ఒక మాట వినిపించింది. నెల కిందట కొత్త వాగు సీసాలు వచ్చిన రోజు, అక్క ఆయన్ని తన మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. "అన్నయ్యా, ఈ వాగులో రెక్కల్లేని పెద్దవి కూడా ఉన్నాయండోయ్. చార్టు రాసినప్పుడు ఇలాంటివి దొరికి ఉండవు. పైన రెక్కల్లేవని మోసపోకండి, పాదం చూడండి. పిల్లకి పాదంలో ఒకటే కణుపు. పెద్దదానికి రెండు." ఆయన కన్ను పెట్టి చూశాడు. "ఆహా" అన్నాడు. ఆ ఆహా అనేసి టీకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు సూది తీసుకుని, మధ్యకాలు చివరిదాకా వెళ్లాడు. గోళ్లు పాదం కొస కంటే కొంచెం పైకే ఉన్నాయి, ఈ పురుగులన్నిటికీ ఉన్నట్టే. ఆ పైన ఒక కణుపు. దాని మీద సన్నటి గీత, గీత అవతల రెండో కణుపు. ఒకటి, రెండు.

గుండీలాయన కుర్చీలో వెనక్కి వాలాడు. నాలుగు, తొమ్మిది, పదమూడు, ఇరవై రెండు, ఇరవై ఏడు. ఆ అయిదింటికీ ఆయన "పిల్ల" అని రాశాడు. పైనుంచి చూసి, వెల్లకిలా తిప్పకుండా రాశాడు. కొట్లో ఏ కొనుగోలుదారుడైనా గుండీని తిప్పి చూడకుండా తీసుకుంటే, వీడికి బేరం తెలియదని మనసులో నవ్వుకునేవాడు.

సీసాల గదికి వెళ్లాడు. "బావా, పరీక్ష పెట్టె ఒకసారి ఇస్తావా?"

"ముప్పైకి ముప్పై తెచ్చుకుని ఇంకా ఏం చూస్తావు? ముద్దు పెట్టుకుంటావా?"

"అయిదు సీసాలు చాలు. అరగంటలో ఇచ్చేస్తా."

బావ ఆయన మొహం చూసి నవ్వు ఆపేశాడు. పెట్టె తీసి ఇచ్చాడు.

నాలుగో సీసా: మగది, ఒంటినొక్కు, పాదంలో రెండు కణుపులు. తొమ్మిది: ఆడది, ముల్లు తోక దాటింది, రెండు కణుపులు. పదమూడు, ఇరవై రెండు, ఇరవై ఏడు. ప్రతిదానికీ ఆరు పాదాలు చూశాడు. ముందుకాలి పాదంలో కణుపులు పొట్టిగా ఉండి త్వరగా తేలవని, వెలుతురు పక్కకి తిప్పి మరీ చూశాడు. ఎక్కడా ఒక కణుపు తక్కువ కాలేదు. అయిదూ పెద్దవే. అక్క రాసిన అయిదూ ఒప్పే. ఆయన రాసిన అయిదూ తప్పు. పెద్దమేడమ్ జవాబుల కాగితం కూడా ఆయనలాగే, గోడమీది చార్టు లాగే తప్పు. ఆ కాగితంతో సరిపోయిందని ఆయనకి కుర్చీ వచ్చింది. సరిపోలేదని అక్కకి పోయింది.

ఆయన ఎన్నో లాభాలు చూశాడు జీవితంలో. తప్పు తూకంతో వచ్చిన లాభం కంటే బరువైనది ఇంకోటి ఉండదని ఆ క్షణంలో తెలిసింది. సీసాలన్నిటికీ మూతలు బిగించి, పెట్టెలో ఒక్కొక్కటీ నెంబరు ప్రకారం పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. మెట్లు దిగాడు.

*

మట్టిగదిలో పెద్ద సిమెంటు తొట్టి, మూడు కుళాయిలు, ఒకదాని కింద ఒకటి పెట్టిన నాలుగు జల్లెళ్లు. అక్క మోచేతుల దాకా బురదలో ఉంది. పై జల్లెడలో రాళ్లూ ఆకులూ, రెండోదాంట్లో నాచు, మూడోదాంట్లో పురుగులు. నీటిధార పురుగుల మీద నేరుగా పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి కడుగుతోంది. నేరుగా పడితే కాళ్లు ఊడిపోతాయి. కాళ్లు ఊడితే పైన చూసేవాళ్లు ఏం లెక్కపెట్టాలి?

"అక్కా, ఆ అయిదూ పెద్దవే."

ఆవిడ కుళాయి కట్టెయ్యలేదు. "ఏ అయిదు?"

"నీకు తెలుసు ఏ అయిదో. ఇప్పుడే చూసి వస్తున్నా. రెండేసి కణుపులు. నువ్వు రాసిందే నిజం."

"అవును," అంది అక్క. ఇంకో దోసెడు బురద జల్లెడలో వేసింది. "చూశారా మరి? కన్ను పడితే ఎంత తేలికో."

గుండీలాయన అక్కడే నిలబడిపోయాడు. ఆయన పరిగెత్తుకొచ్చింది ఆవిడకి మంచి వార్త చెబుదామని. వార్త ఆవిడ దగ్గర ముందే ఉంది.

"నిన్న బోర్డు ముందే నీకు తెలిసిపోయిందా?"

"నెంబర్లు చూడగానే. అయిదూ రెక్కల్లేనివే కదా. మేడమ్ చార్టు పట్టుకుని జవాబులు రాశారని అర్థమైంది."

"మరి అడగవేం? నేను రమ్మంటే కూడా ఊరుకున్నావు!"

అక్క ఇప్పుడు కుళాయి కట్టేసింది. గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం వచ్చింది. నీళ్లు మాత్రం జల్లెడ నుంచి జల్లెడకి బొట్లు బొట్లుగా దిగుతున్నాయి.

"అన్నయ్యా, మీకు లెక్కలొచ్చుగా. చెప్పండి. నావి ఒప్పయితే మీవి ఎన్ని తప్పు?"

"అయిదు."

"కొత్తవాళ్లకి అయిదు తప్పులొస్తే?"

ఆయన తొట్టి అంచు పట్టుకున్నాడు.

"నాకైతే ఈ గది. ఏడాది బురద కడుగుతాను, మళ్లీ పైకొస్తాను. మీకైతే గేటు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఏది తక్కువ నష్టమో తేలింది. అంతే." వేళ్ల మధ్య ఇరుక్కున్న ఒక ఆకు తీసి పారేసింది. "వంటింట్లో చెంచాలు సర్దడం గురించి మీరే కదా చెప్పింది, ఆ రోజు టీ తాగుతూ? నవ్వించారు. నేను నవ్వాను. కానీ మర్చిపోలేదు."

ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆయనకి తగ్గించి ఇచ్చినవాళ్లున్నారు, కలిపి ఇచ్చినవాళ్లున్నారు. తన కుర్చీ ఎత్తి, దిండు చంకలో పెట్టుకుని, ఎండ పడే వేళ కూడా చెప్పి వెళ్లినవాళ్లు లేరు. తొట్టి అంచు మీద బురద వేలితో గీకాడు.

"అలా గీకకండి, అది కూడా నేనే కడగాలి," అంది అక్క.

"రేపు పెద్దమేడమ్ దగ్గరికి వెళ్తాను."

"వెళ్లకండి."

"వెళ్తాను అక్కా."

"అన్నయ్యా, నాకు కోపం వస్తుంది."

"రానీ," అన్నాడు గుండీలాయన. "ఇప్పటిదాకా నీకు కోపం రావడం ఎవరూ చూడలేదంట. బావని కూడా పిలుస్తాను."

ఆవిడ మళ్లీ కుళాయి తిప్పింది, అవసరమైనదానికంటే ఎక్కువగా.

*

పెద్దమేడమ్‌కి అరవై దాటాయి. గోడ మీది చార్టు ఆవిడ చేత్తో గీసిందే. గదిలో కాగితాలన్నీ చతురస్రంగా దొంతరపెట్టి ఉంటాయి. పెన్సిళ్లన్నీ ఒకే పొడుగు.

గుండీలాయన అయిదు సీసాలూ, జతపురుగుల సీసా ఆరోదీ బల్లమీద పెట్టాడు. చెప్పాల్సింది రాత్రంతా మనసులో కూర్చుకున్నాడు గానీ, నోట్లోంచి వచ్చింది చిన్నదే. "వీటి పాదాలు ఒకసారి చూడండి మేడమ్."

ఆవిడ ముందు ఆరోది చూసింది. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, మళ్లీ చూసింది. సూది అందుకుంది. సూది కొస పాదం మీద ఒకచోట ఆగి, జరిగి, ఇంకోచోట ఆగింది. ఆ తర్వాత అయిదు సీసాలూ వరసగా చూసింది. గోడ గడియారం చప్పుడు గుండీలాయనకి వినిపిస్తోంది. పావుగంట పైనే పట్టింది.

చివరికి తల ఎత్తింది. "రెండు," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించినట్టు మళ్లీ అంది, "అన్నిటికీ రెండేసి."

"అవునండి."

"పందొమ్మిదేళ్ల కిందట గీశాను ఆ చార్టు. అప్పుడు చూసిన వాగుల్లో రెక్కల్లేని పెద్దవి ఒక్కటీ తగల్లేదు. తగల్లేదు కాబట్టి లేవనుకున్నాను." కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "నా తప్పుకి ఒక మంచి మనిషిని బురదలోకి పంపాను."

పరీక్ష కాగితాల కట్ట విప్పింది. అక్క పేపరు మీద ఇరవై అయిదు కొట్టేసి ముప్పై అని రాసింది. తర్వాత గుండీలాయన పేపరు తీసింది. పెన్సిల్ గాల్లో ఆగింది.

"ఇవి మీకెన్నవుతాయో తెలిసే వచ్చారా?"

"తెలిసే వచ్చానండి. ఇరవై అయిదు."

"చూడండి." ఆవిడ పెన్సిల్ కింద పెట్టింది. "మీరు కొత్తవారు. మీ ముందు నా చార్టు ఉంది. చార్టు ఎలా చెబితే అలా రాశారు. తప్పు చార్టుది. ఆ అయిదింటినీ మీ లెక్కలోంచి తీసేస్తాను. మిగిలిన ఇరవై అయిదులో మీకు ఒక్క తప్పూ లేదు. మీకు తెలియని విషయానికి మిమ్మల్ని పట్టుకోవడం న్యాయం కాదు."

బేరం గుండీలాయన చేతికి వచ్చింది. తల ఊపితే చాలు. కుర్చీలు రెండూ నిలబడతాయి, పైకి వెళ్లి టీ తాగొచ్చు. ఎవరూ నష్టపోరు. ఒక్క మాట తప్ప: మీకు తెలియని విషయం. ఎందుకు తెలియలేదు? నేర్పేవాళ్లు నేర్పలేదు కాబట్టి. ఈయనకి నేర్పింది ఎవరో లాబంతటికీ తెలుసు.

"తెలుసండి," అన్నాడు.

"ఏమిటి?"

"నాకు తెలుసు. అక్క చెప్పింది, నెల కిందటే. తన మైక్రోస్కోపులో చూపించి మరీ చెప్పింది, పాదం చూడమని. నేను విని కూడా చూడలేదు. చార్టు తేలికని చార్టు పట్టుకున్నాను. టైము కలిసొస్తుందని." ఊపిరి తీసుకున్నాడు. "అక్క బాగా నేర్పిందండి. నేనే సరిగ్గా నేర్చుకోలేదు. ఆ అయిదూ నావే."

పెద్దమేడమ్ ఆయన్ని చాలాసేపు చూసింది. పురుగుల్ని చూసినట్టే, తొందర లేకుండా. తర్వాత పెన్సిల్ తీసుకుని, ముప్పై కొట్టేసి ఇరవై అయిదు రాసింది. అంకె కింద తన సంతకం పెట్టింది.

"అయితే నియమం నియమమే."

"అవునండి. సంతకం పెట్టాను కదా." చేతులు జోడించాడు. "నాలుగు నెలలు మంచి పని చేయించుకున్నారు. ఈ వయసులో ఇంత సన్నపని నా చేత చేయిస్తారని నేను అనుకోలేదు. అందరికీ రుణపడి ఉంటాను." లేచాడు.

"కూర్చోండి. నియమం పూర్తిగా చదివారా? బల్ల పోతుందని ఉంది. కొత్తవాళ్లని ఇంటికి పంపేది కింద ఖాళీ లేనప్పుడు. ఎప్పుడూ ఉండదు కాబట్టి అందరూ ఇంటికే వెళ్తారు." ఆవిడ కాగితాల అంచులు సరిచేసింది. "ఇవాళ పది నిమిషాల్లో ఒక ఖాళీ వస్తోంది."

రెండుసార్లు చదివాననుకున్నాడు గుండీలాయన. ఆ వాక్యం దగ్గర రెండుసార్లూ భయంతో కళ్లు మూసుకున్నట్టున్నాడు.

పెద్దమేడమే స్వయంగా మెట్లు దిగింది. లోపల ఏం మాట్లాడిందో గుండీలాయన వినలేదు, తలుపు బయటే నిలబడ్డాడు. మధ్యలో అక్క గొంతు ఒక్కసారి వినిపించింది. "పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నానండి." తర్వాత పెద్దమేడమ్ గొంతు. "నేను అడిగి ఉండాల్సింది." మేడమ్ బయటికొచ్చి ఆయన్ని దాటుకుని వెళ్తూ బూట్ల బురద గుమ్మానికి తుడుచుకుంది. ఆవిడ అలా చెయ్యడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

లోపల అక్క ఒంటి మీది రబ్బరు తొడుగు విప్పుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపమో, ఇంకోటో తెలియలేదు.

"నా లెక్కంతా పాడుచేశారు," అంది. "ఎంత చక్కగా సరిపెట్టాను! మీ కుర్చీ మీకిచ్చారంట కదా, వద్దన్నారంట!"

"నేర్పలేదన్న మాట నీ మీదికి వస్తుందని..."

"వస్తే వచ్చేది. దులుపుకుంటాను. మహా తెలివైనవారు, ముప్పై ఏళ్లు వ్యాపారం చేశారంట, వచ్చిన సరుకు వెనక్కి తోసేవాళ్లని ఎక్కడైనా చూశామా?" తిడుతూనే తొడుగు ఆయన తల మీంచి వేసింది. బురద నీళ్లు ఆయన మెడ మీద చల్లగా కారాయి. "అటు తిరగండి. తాళ్లు వెనకుంటాయి, మీకు అందవు. మూడో జల్లెడ అడుగున చిరుగుంది, గుడ్డ వెయ్యండి. ధార ఎప్పుడూ చేతి మీద పడాలి, పురుగు మీద కాదు. కాళ్లు ఊడినవి నాకు పంపారంటే పైనుంచి అరుస్తాను."

"అరుద్దువుగాని."

వెనక ఆవిడ వేళ్లు తాడు దగ్గర ఆగాయి. రెండుసార్లు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఆయన వెనక్కి తిరగలేదు.

"ముడి గట్టిగా వెయ్యనా, వదులుగా వెయ్యనా అన్నయ్యా?"

గుండీలాయన కుళాయి తిప్పి, ధార కింద అరచెయ్యి పెట్టాడు. నీళ్లు చేతి మీద పరుచుకుని, బలం తగ్గి, మెత్తగా జల్లెడలోకి దిగాయి.

"గట్టిగానే వెయ్యి అక్కా," అన్నాడు. "ఏడాది ఉండాలి."